మన ఒంటికి పడని వస్తువులు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాటలు, కోలాటం, పిల్లల నాటిక జరిగే చోట చర్మవ్యాధుల మీద ఉపన్యాసం ఏమిటని మీలో కొందరు నవ్వుకొని ఉండవచ్చు. నిజమే. అయితే ఈ ఉదయం పచ్చడి కోసం మామిడికాయ తరిగిన చేతులు ఈ సభలో ఎన్నో ఉన్నవి. వాటిలో ఏ ఒకరి చేతికైనా రేపో ఎల్లుండో వేళ్ళ సందులలో దురద పుట్టి నీటి పొక్కులు లేస్తే, అప్పుడు మా మాటలు జ్ఞాపకం వస్తే చాలును.

మేము వైద్యులము కాము. మాలో ఒకరు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నారు. ఒకరు మందుల దుకాణంలో ఉన్నారు. ఒకరు రబ్బరు తొడుగుల ఫ్యాక్టరీలో చాలా కాలం పనిచేశారు. ముగ్గురి తాతలూ రబ్బరు పాలు తీసిన వారే. మేము చూచినది, చదివినది, వైద్యులను అడిగి తెలుసుకొన్నది మాత్రమే ఇక్కడ మనవి చేస్తున్నాము.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలెను. మాలో ఒకరి పిన్నిగారు ఆసుపత్రిలో శుభ్రపరిచే పని చేసేవారు. పనికి చేరిన ఏడేళ్ళకు ఆమె చేతులు మణికట్టు దాకా పొక్కి, పగిలి, నల్లబడినవి. పసుపు పూశారు. వేపాకు రుద్దారు. పసార్ మాలంలో అమ్మే మందు నూనె రాశారు. ఎవరో ఇచ్చిన ఆయింట్‌మెంటు రాస్తే మరింత పొక్కింది. ఒక పెళ్ళిలో ఆమె స్వయంగా వండి తెచ్చిన అరిసెల గిన్నెను బంధువులొకరు మాట్లాడకుండా పక్కకు జరిపారు. ఆమె చూచారు. ఆ తరువాత రెండేళ్ళు ఆమె ఏ శుభకార్యానికీ రాలేదు. వచ్చినా కొంగు చాటున చేతులు దాచుకొనే వారు.

ఆ బంధువులు చెడ్డవారని మేము అనము. వారికి ఉన్నది భయం. మన తోటల లయన్లలో పెరిగిన పెద్దలకు ఆ భయం తెలుసు. ఒంటి మీద మచ్చ వస్తే తోట డ్రెస్సరుకు చూపించకుండా దాచేవారు. 1930లో సుంగై బూలోలో కుష్ఠురోగుల ఆవాసం ఏర్పడింది. అక్కడికి పంపిస్తే ఇల్లు, పిల్లలు దూరమవుతారని ఆనాటి బెంగ. నేడు కుష్ఠు కూడా మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బే. కానీ చర్మం మీద ఏది కనిపించినా దాచుకోవడం, ఎదుటివారిది కనిపిస్తే జరిగిపోవడం అనే అలవాటు మాత్రం తాతల నుండి మనకు మిగిలిపోయింది. మా పిన్నిగారికి ఉన్నది అంటువ్యాధి కానే కాదు. ఆమె చేతికి రబ్బరు తొడుగు పడలేదు. అంతే.

"పడదు" అన్న మాట మన భాషలో ఎంత చక్కనిదో చూడండి. వంకాయ పడదు, చన్నీళ్ళు పడవు, ఆ ఊరి గాలి పడదు అంటాము. వైద్యులు ఎలర్జీ అనేది దానినే. అయితే పడకపోవడంలో రెండు రకాలున్నవి. వాటిని కలగాపులగం చేయకూడదు.

మొదటిది ఒరిపిడి. సున్నం, సబ్బు నీళ్ళు, రబ్బరు పాలు గడ్డకట్టడానికి పోసే ఆమ్లం, ఇవి ఎక్కువ సేపు తగిలితే ఎవరి చేతికైనా మంట పుడుతుంది, చర్మం చెడుతుంది. ఇందులో ఎలర్జీ ఏమీ లేదు. రెండవది అసలైన ఎలర్జీ. పదిమంది వాడే వస్తువు తొమ్మిదిమందికి ఏమీ చేయదు. పదవ వారికి ఆ వస్తువు ఇసుమంత తగిలినా చర్మం పొంగుతుంది.

ఇది ఎట్లా జరుగుతుంది? కొన్ని రసాయనాల అణువులు చాలా చిన్నవి. చర్మం పైపొరను దాటి లోపలికి దిగుతవి. అక్కడ కావలి వాళ్ళవలె కొన్ని కణాలున్నవి. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ యువకుడు వైద్య విద్యార్థిగా ఉండగానే వాటిని కనుగొన్నాడు. అందుకే వాటికి ఆయన పేరే పెట్టారు. ఆ కణాలు కొత్త పదార్థాన్ని పట్టుకొనిపోయి రక్షణ వ్యవస్థకు శత్రువుగా చూపుతవి. అది గుర్తుపెట్టుకోవడానికి పది, పదిహేను రోజులు పట్టవచ్చు. కొందరిలో ఏళ్ళు గడిచిన తరువాత జరుగుతుంది. ఒకసారి గుర్తుపెట్టుకొన్న తరువాత సాధారణంగా జీవితాంతం మరవదు. మళ్ళీ తగిలినపుడు ఒకటి రెండు రోజులకు, ఒక్కొక్కసారి మూడవ రోజుకు దురద, పొక్కులు కనిపిస్తవి.

ఇందులో మనం గమనించవలసిన విషయాలు రెండు. "ఇరవై ఏళ్ళుగా ఇదే వాడుతున్నాను, దీనివల్ల అయ్యే ప్రశ్నే లేదు" అని మనవాళ్ళు అంటారు. ఆ మాట సరికాదు. ఇరవై ఏళ్ళుగా పడిన వస్తువు ఇరవై ఒకటవ ఏట పడకపోవచ్చు. రెండవది, ఈ రోజు దురద వస్తే ఈ రోజు తగిలిన వస్తువునే అనుమానిస్తాము. కారణం మొన్నటిది కావచ్చు. ఇంకొక మాట. పుస్తకాలలో చర్మం ఎర్రబడుతుందని వ్రాస్తారు. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు అంతగా కనిపించదు. నల్లగా, బూడిద రంగుగా, కమిలినట్లుగా కనిపిస్తుంది. అందుచేత మనవారిలో దానిని గుర్తించడం ఆలస్యమవుతుంది.

ఇక వస్తువుల సంగతికి వద్దాము.

అన్నింటికంటె ముందు చెప్పవలసినది నికెల్ అనే లోహం. లోకంలో ఎక్కువమందికి పడని లోహం ఇదే. చవక చెవికమ్మలు, వాచీ వెనుక రేకు, జీన్సు గుండీ, బెల్టు బిళ్ళ, వీటిలో ఉంటుంది. మన ఆడవారు మంగళసూత్రానికో గాజుకో తగిలించుకొనే పిన్నీసుల మీది మెరుపు కూడా చాలా వరకు నికెల్ పూతే. చెమటకు అది కొద్దికొద్దిగా కరిగి ఒంట్లోకి దిగుతుంది. ఈ దేశంలో చెమటకు కరవు లేదు కదా! చెవి తమ్మెల దగ్గర రసి, బొడ్డు కింద రూపాయంత నల్లమచ్చ, మెడ వెనుక దురద ఉంటే నికెల్‌ను అనుమానించవలెను. పసిపిల్లలకు చెవులు కుట్టించేటప్పుడు చవక కమ్మలు పెట్టవద్దు. మన వాళ్ళు 916 బంగారం అనేది, అంటే 22 క్యారెట్లది, సాధారణంగా బాధ పెట్టదు. డెన్మార్కు దేశం 1990లోనే నగలలో నికెల్‌కు హద్దు పెట్టింది. 1994లో యూరోపు దేశాలన్నిటికీ కలిపి అటువంటి చట్టమే చేశారు. ఆ తరువాత చెవులు కుట్టించుకొన్న అక్కడి పిల్లలలో ఈ బాధ తగ్గింది. నగలో నికెల్ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి డైమెథైల్ గ్లయాక్సిమ్ అనే మందు ఉన్నది. దూదికి అద్ది నగ మీద రుద్దితే, నికెల్ ఊడివస్తున్నట్లయితే దూది గులాబి రంగుకు తిరుగుతుంది.

రెండవది తలకు వేసే నల్లరంగు. ఇందులో పారా-ఫినిలీన్ డయమీన్ అనే రసాయనం ఉంటుంది. ఇది పడనివారికి రంగు వేసుకొన్న మరునాటికో మూడవనాటికో నుదురు, చెవులు, కనురెప్పలు ఉబ్బి కళ్ళు మూసుకుపోతవి. ఇక్కడ మన ఆడపిల్లలకు ఒక మాట. మన గోరింటాకు నిర్దోషి. రుబ్బి పెట్టుకొంటే గంటలకొద్దీ ఉంచవలెను. పండితే నారింజ రంగో ఎరుపో వస్తుంది. అది పడని వారు బహు అరుదు. కానీ "నల్ల గోరింటాకు" అని పెళ్ళిళ్ళలో, సంతలలో గంటలోపల నల్లగా పండేది ఒకటి పెడుతున్నారు. ఆ నలుపు గోరింటాకుది కాదు. అందులో తలరంగు మందు కలుపుతారు. అది పెట్టిన ఆకృతి ఎట్లా ఉన్నదో అట్లాగే పొక్కి, కొన్నిసార్లు మచ్చగా నిలిచిపోతుంది. అంతకంటె పెద్ద నష్టం వేరే ఉన్నది. పదేళ్ళ వయసులో ఆ ఒక్కసారి తగిలిన పిల్ల పెద్దయ్యాక తలకు రంగు వేసుకొంటే ముఖమంతా వాచిపోవచ్చు. కాబట్టి నల్లగా పండుతుందని ఎవరైనా గొప్ప చెబితే పిల్ల చెయ్యి వెనక్కు లాగండి.

మూడవది బొట్టు. ఇది చెప్పడానికి మాకూ కష్టంగానే ఉన్నది. సముద్రం దాటి వచ్చిన మన ముత్తవ్వలు ఇక్కడ ఏది వదులుకొన్నా బొట్టు వదులుకోలేదు. పూర్వం కుంకుమను పసుపుకు సున్నం వంటి క్షారం చేర్చి ఇంటనే చేసుకొనేవారు. ఇప్పుడు దుకాణాలలో దొరికే పొట్లాలలో పసుపు ఎంతో, కృత్రిమ రంగు ఎంతో చెప్పలేము. ఆ రంగులు, అందులో వేసే అత్తరులు కొందరి చర్మానికి పడవు. దురద కూడా లేకుండా నుదురు నల్లబడిపోవడం దీనిలోని చిత్రం. అరుదుగా పసుపే పడని వారూ ఉన్నారు.

అతికించే బొట్టు బిళ్ళలది వేరు కథ. ఆ జిగురులో కొన్నింటిలో పారా-టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం ఉంటుంది. అది కొందరిలో చర్మానికి రంగునిచ్చే కణాలను చంపుతుంది. బిళ్ళ పెట్టే చోట బిళ్ళంత తెల్లమచ్చ పడుతుంది. మాకు తెలిసిన ఒక ఇంట్లో అట్లాగే జరిగితే, బొల్లి అనుకొని తల్లి ఆరు నెలలు బయటకు చెప్పలేదు. మచ్చ మీద ఇంకా పెద్ద బిళ్ళ అతికించింది. రోగానికి అదే కారణమని ఆమెకెట్లా తెలుస్తుంది? సంబంధం చూడడానికి వచ్చేవారి భయం ఆమెది. తొలిదినాలలోనే బిళ్ళ మానితే కొందరికి రంగు తిరిగి వస్తుంది. ఆలస్యమైతే రాకపోవచ్చు, మచ్చ వ్యాపించవచ్చు కూడా. బొట్టు మానమని మేము చెప్పము. పడని బొట్టు మానండి. రాత్రి పడుకొనే ముందు బిళ్ళ తీసివేయండి. మచ్చ మొదలైతే బిళ్ళ పూర్తిగా మానివేసి వైద్యునికి చూపండి.

నాలుగవది మన అన్నం పెట్టిన రబ్బరు. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుండి లండను దగ్గరి క్యూ తోటకు రబ్బరు గింజలు చేర్చాడు. మరుసటి సంవత్సరం ఆ మొలకలు సింగపూరుకు, అక్కడ నుండి మన పేరాక్‌లోని క్వాలా కంగ్సార్‌కు వచ్చినవి. ఆ చెట్ల వెంటనే మన తాతలు కూడా వచ్చారు. రబ్బరు పాలను నిలవ ఉండే రబ్బరుగా మార్చడానికి గంధకం కలిపి వేడి చేయవలెనని 1839లో చార్లెస్ గుడియర్ కనుగొన్నాడు. ఒక్క గంధకంతో అయితే గంటలు పడుతుంది. ఆ పని త్వరగా జరగడానికి థయూరాం, కార్బమేట్, మెర్కాప్టోబెంజోథయజోల్ వంటి రసాయనాలు కలుపుతారు. తొడుగులు వేసుకొనేవారి చేతులకు పడనివి ఎక్కువగా ఇవే. మన "సెలిపార్ జెపున్" రబ్బరు చెప్పుల పట్టీ కింద మచ్చ వచ్చినా వీటినే అనుమానించవచ్చును.

ఇక్కడ ఒక భేదం తప్పక గుర్తుంచుకోండి. రబ్బరు పాలలోని మాంసకృత్తులు పడనివారు వేరే ఉన్నారు. వారికి తొడుగు వేసుకొన్న నిమిషాలలోనే దద్దుర్లు, తుమ్ములు, ఒక్కొక్కసారి ఊపిరాడకపోవడం వస్తుంది. అది ప్రాణం మీదికి రావచ్చు. అటువంటివారు రబ్బరు పాలతో చేయని నైట్రైల్ తొడుగులు వాడవలెను, ఆపరేషనుకు ముందే వైద్యునికి చెప్పవలెను. కానీ నైట్రైల్ తొడుగులలో కూడా ముందు చెప్పిన త్వరపరిచే రసాయనాలు ఉండవచ్చు. ఆ రసాయనాలు పడనివారు అవి కలపకుండా చేసిన తొడుగులనే అడిగి తీసుకోవలెను. అటువంటివి ఇప్పుడు తయారవుతున్నవి. ప్రపంచానికి తొడుగులు చేసి పంపే దేశాలలో మనది ముందు వరుసలోనిది. అటువంటి దేశంలో మన ఆడవారు సరియైన తొడుగు దొరకక చేతులు పాడుచేసుకోవడం న్యాయం కాదు.

అయిదవది సిమెంటు. తాపీపని చేసే మన సోదరుల చేతులు పగలడానికి కారణం కొంత సిమెంటులోని క్షారం, కొంత అందులో ఉండే క్రోమియం. సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలిపితే ఈ క్రోమియం బాధ తగ్గుతుందని తెలిసి, డెన్మార్కు 1983లో దానికి చట్టం చేసింది. 2005 నుండి యూరోపులో తడి కలిపిన సిమెంటులో ఈ రకపు క్రోమియం పదిలక్షలకు 2 పాళ్ళు మించరాదు. క్రోమియంతో పదును చేసిన తోలు చెప్పులలోను ఇదే ఉంటుంది. పాదం పైభాగంలో పట్టీ ఆకారంగా మచ్చ పడితే చెప్పును చూడండి.

ఆరవది చెట్లు. మామిడి, జీడిమామిడి, చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, ఇవన్నీ ఒకే కుటుంబం. ఇక్కడి అడవులలో మలయులు భయపడే రెంగాస్ చెట్టు కూడా వీటి చుట్టమే. వీటి సొనలో ఒకే జాతి పదార్థాలు ఉంటవి. అందుకే ఒకటి పడనివారికి తక్కినవి కూడా పడకపోవచ్చు. మామిడికాయను తొడిమ తీసి, సొన కారనిచ్చి, కడిగి తరగవలెనని మన అమ్మమ్మలు చెప్పినది శాస్త్రానికి సరిపోయిన మాటే. ఆంధ్రదేశంలో మన పూర్వుల ఊళ్ళు చూడబోయేవారు పొలాల గట్ల మీద తెల్లని చిన్న పూలతో పెరిగే వయ్యారిభామ అనే కలుపుమొక్కకు దూరంగా ఉండండి. అది 1950లలో పూనాలో కనిపించి దేశమంతా అల్లుకొన్నది. దాని పొడి గాలిలో ఎగిరి ముఖం, మెడ, మోచేతుల మడతలలో పడి చర్మాన్ని చెడగొడుతుంది.

చివరిది మనం మందు అనుకొని రాసేవి. పుండ్లకు రాసే కొన్ని ఆయింట్‌మెంట్లలోని నియోమైసిన్, మందు నూనెలలోని వాసన దినుసులు, సబ్బులలోని అత్తరు, తడి తుడుపు కాగితాలలో, ద్రవ సబ్బులలో నిలవ కోసం కలిపే మెథైల్ ఐసోథయజోలినోన్, ఇవన్నీ కొందరికి పడవు. ఈ చివరి పదార్థం ఒంటికి రాసి వదిలేసే క్రీములలో ఉండరాదని యూరోపులో 2017 నుండి అమలు చేశారు. పుండు మానడానికి రాసిన మందే పుండును పెంచుతుంటే, "ఇంకా సరిపోలేదు" అని మరింత రాస్తాము. మా పిన్నిగారి విషయంలో జరిగినది ఇదే.

మరి ఏది పడలేదో తెలిసేదెట్లా? దీనికి ఒక మంచి పరీక్ష ఉన్నది. 1895లో యోసెఫ్ యాడాసోన్ అనే చర్మవైద్యుడు దీనిని లోకానికి తెలియజేశాడు. అనుమానించే పదార్థాలను కొద్దికొద్దిగా చిన్న గిన్నెలవంటి బిళ్ళలలో పెట్టి వీపుకు అతికిస్తారు. రెండు రోజులు ఉంచి తీసి చూస్తారు. మళ్ళీ మూడు, నాలుగు రోజులప్పుడు ఇంకొకసారి చూస్తారు. ఎక్కడ చర్మం పొంగినదో ఆ పదార్థం ఆ మనిషికి పడదన్నమాట. సూది లేదు, నొప్పి లేదు. ఆ కొద్దిరోజులు వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. ఇది చర్మవ్యాధుల నిపుణులు చేయవలసిన పరీక్ష. ఇంట్లో చేయరాదు. వెళ్ళేటప్పుడు మీరు వాడే సబ్బు, కుంకుమ, నూనె, తొడుగు, చెప్పులు ఒక సంచిలో వేసి వెంట తీసుకొనిపోండి. ఏ పని చేస్తారో, ఆదివారం సెలవులో దురద తగ్గుతుందో లేదో కాగితం మీద వ్రాసుకొని పోండి. సగం రోగం ఆ కాగితమే చెబుతుంది.

ఒక హెచ్చరిక. దురద తగ్గించే స్టెరాయిడ్ క్రీములు వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడండి. సొంతంగా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి మందులతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక మా పిన్నిగారి సంగతితో ముగిస్తాము. ఆసుపత్రిలో ఆమెతో పనిచేసే ఒక నర్సు బలవంతం మీద ఆమె ఆ పరీక్షకు వెళ్ళారు. నాలుగవ రోజున వీపు మీద రెండు చోట్ల పొంగినది. ఒకటి థయూరాం. రెండవది నియోమైసిన్, అంటే ఆమె భక్తిగా రోజూ రాసుకొన్న ఆయింట్‌మెంటు. ఆయింట్‌మెంటు మానారు. పనిచోట వేరే తొడుగులు అడిగారు. మొదట పైవారు విసుక్కున్నారు, తరువాత తెప్పించారు. రెండు నెలలలో చేతులు మానినవి. ఉద్యోగం నిలిచింది. ఎలర్జీ పోలేదు, పోదు కూడా. పాత తొడుగు వేసుకొంటే మళ్ళీ వస్తుంది. కానీ శత్రువెవరో తెలిసింది కాబట్టి దూరంగా ఉండగలుగుతున్నారు.

ఆమె మమ్మల్ని అడిగిన దొక్కటే. "మందు సంగతి చెప్పండి, మంచిదే. ఆ అరిసెల గిన్నె సంగతి కూడా చెప్పండి" అన్నారు. అందుకే చెప్పినాము. ఇది ఒకరి నుండి ఒకరికి అంటేది కాదు. ఆ చేతులతో వండినది తినవచ్చు, ఆ చేయి పట్టుకోవచ్చు, ఆ చేతితో పెట్టిన బొట్టు పెట్టించుకోవచ్చు. ఎవరి ఒంటి మీదనైనా మచ్చ చూస్తే జరిగిపోకండి. దగ్గర కూర్చోబెట్టుకొని ఏమి తగిలిందని అడగండి.

తెలుగు చదవడం రాని పిల్లలు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. ఈ సంచిక ఇంటికి తీసుకొనిపోయి ఈ నాలుగు మాటలు వారికి చదివి వినిపించవలసినదిగా కోరుచున్నాము. బయట భోజనశాలలో అరిసెలు వడ్డిస్తున్నారు. వాటిని చేసినది మా పిన్నిగారే. తప్పక తిని వెళ్ళండి.